కాళహస్తిని ముందు పెట్టుకున్న ప్రయాణం

తిరుపతిలో మకాం పెట్టుకుని, పొద్దున రైలెక్కి ఒక ఊరు చూసి, చీకటి పడేలోగా మళ్లీ తిరుపతి చేరుకోవాలనుకునేవాళ్లకు మొదటే ఒక మాట చెబుతాను. కాళహస్తిని చివర పెట్టుకోండి. నేను అట్లా చేయలేదు. ఏమయిందో చెప్పడానికే ఈ రాత.

మా వైపు వాళ్లకు తిరుపతి అంటే కొండ ఎక్కడం, గుండు కొట్టించుకోవడం, ప్రసాదం మూట కట్టుకుని ఇంటికి రావడం. అంతే. కొండ కింద ఎన్ని పట్టాలు ఎన్ని వైపులకు పోతున్నాయో ఎవరూ తల తిప్పి చూడరు. చిత్తూరు, పాకాల నుంచి వచ్చే చిన్న రైలు చంద్రగిరి మీదుగా తిరుపతి వచ్చి, రేణిగుంట దాటి కాళహస్తికి పోతుంది. రేణిగుంటలో దిగితే మద్రాసు పోయే పెద్ద రైలు దొరుకుతుంది. అది పుత్తూరు, నగరి మీదుగా పోతుంది. సత్రంలో మూడు రోజులు ఊరకే ఉండనిస్తారు. మూడు రోజులకు మూడు ఊళ్లు. లెక్క సరిపోయింది.

నేను పాకాల పక్క పల్లెలో సేద్యం చేసుకునేవాణ్ణి. యాభై దాటినాక అక్షరాలు నేర్చుకున్నాను. నా రాతలో సొగసు వెతక్కండి, ఉండదు.

ఊళ్లు చూడాలన్నది పైమాట. అసలు పని వేరు. నాకు ఒక అక్క, ఒక చెల్లెలు. అక్క మునెమ్మ చిన్నప్పుడే మొగుణ్ణి పోగొట్టుకుని మా ఇంటికే వచ్చేసింది, ఇప్పటికీ ఇంట్లో ఆమె మాటే మాట. చెల్లెలు కుప్పమ్మను నగరిలో ఇచ్చినాము. మా అమ్మ పోయినప్పుడు వానలకు రైలుకట్ట తెగి కుప్పమ్మ ఒక రోజు ఆలస్యంగా వచ్చింది. అప్పటికే అంతా అయిపోయింది. ఇంక ఎత్తండి అని చెప్పింది అక్కే. అమ్మ మొగం చూపించని ఇంట్లో తనకేం పని అని కుప్పమ్మ వాకిట్లోనే తిరుక్కుని పోయింది. మళ్లీ గడప తొక్కలేదు. ఏళ్లు గడిచినాయి. పెళ్లిళ్లకు, చావులకు ఆమె మొగుడు ఒక్కడే వచ్చి పోతుంటాడు.

ఈ ఏడు వేరుశెనగ ఇంటికి చేరినాక, కాయలు ఒలుస్తూ ఒలుస్తూ అక్క కుప్పిని ఒకసారి చూడాలి అనింది. నగరికి పోదాం పద అంటే ఆమె రాదు, నాకు తెలుసు. అందుకే చేదు మాత్రను బెల్లంలో పెట్టినట్టు నగరిని రెండు ఊళ్ల నడుమ పెట్టినాను. ముందు చంద్రగిరి, తర్వాత నగరి, చివర కాళహస్తి. స్టేషనులో బోర్డు మీది టైములు నేనే చదివి, నేనే కట్టిన ఏర్పాటు ఇది.

తిరుపతి సత్రం

యుద్ధం ముగిసింది గానీ బియ్యం కార్డులు పోలేదు. సత్రంలో దిగిన వాళ్లందరి మూటల్లోనూ రాగిపిండే. మా పక్క గదిలో కోలారు వైపు నుంచి వచ్చిన ముసలి మొగుడూ పెళ్లాలు. వాళ్లదీ సంగటే, పేరు వేరు. ఉండ చేసి, పులుసులో ముంచి, నమలకుండా గుటుక్కున మింగుతారు. అక్క నోరు తెరుచుకుని చూసింది. నమలకపోతే రుచి ఎట్లా తెలుస్తుందమ్మా అని ఆ ముసలామెను అడిగింది. ఆమెకు తెలుగు కొంచెం వచ్చు. నమిలితే నాలుగు ఉండలు తినలేము, మింగితే తినొచ్చు అని నవ్వింది. మరుసటి పూట అక్క కూడా మింగి చూసి, పొలమారి, కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది. ఈ వయసులో కొత్త తిండి నేర్చుకోవద్దని చెప్పినాను. ఈ వయసులో నువ్వు అక్షరాలు నేర్చుకోలేదా అని తగిలించింది.

చంద్రగిరి

తిరుపతి నుంచి చంద్రగిరికి ఎక్కినట్టే ఎక్కి దిగిపోవచ్చు. ఆడవాళ్ల పెట్టెలో కూర్చున్న అక్క, అప్పుడేనా అని కోపం చేసుకుంది. టిక్కెట్టు కొన్నందుకు కొంచెం సేపన్నా కూర్చోనివ్వాలట.

కోట స్టేషనుకు దూరం. జట్కా వాళ్లు యాత్రికులను చూడగానే రేటు పెంచుతారు. మేము నడిచినాము. కొండ కింద రాజుల మహలు ఉంది. కట్టెముక్క వాడకుండా రాళ్లతో, సున్నంతో అంతస్తు మీద అంతస్తు కట్టినారు. లోపల చల్లగా ఉంటుంది, గబ్బిలాల వాసన కూడా ఉంటుంది. రాజులు పోయినాక ఎవరో ఒకరు ఉండాలి కదా.

అక్క గదులన్నీ తిరిగి కావలివాడి దగ్గరికి వచ్చి వంటిల్లు ఎక్కడ అని అడిగింది. రాజులకు వంట వేరే చోట చేసి మోసుకొస్తారని వాడు చెప్పినాడు. అక్కకు జాలి వేసింది. ఇంత పెద్ద ఇంట్లో ఉండి చల్లారిన అన్నం తిన్నారా పాపం అనింది. ఆ మహలు గురించి నేను విన్న మాటల్లో నాకు నచ్చింది అదొక్కటే.

బయట సీతాఫలాలు కుప్పలు పోసి అమ్ముతున్నారు. మా ఊళ్లో చెట్టు కింద రాలినవి ఏరుకుంటాము, ఇక్కడ అణాకు ఇన్ని అని ఎంచి ఇస్తారు. ఒక కుప్ప తీసుకుని పట్టాల పక్కన కూర్చుని తిన్నాము. తింటూ తింటూ అక్క, రేపు యాడికిరా అని అడిగింది. నగరికి అన్నాను. చేతిలో పండు కింద పెట్టేసింది. మళ్లీ ముట్టలేదు.

రేణిగుంట

రెండోరోజు పొద్దున్నే రేణిగుంటలో దిగినాము. పెద్ద రైలు కోసం ప్లాట్‌ఫారం నిండా జనం. మద్రాసు పోయే బండి ఎక్కడో ఆగిపోయిందట, ఎప్పుడొస్తుందో తెలియదట. స్టేషను మాస్టరును అడిగితే కాగితాల మీద నుంచి తల ఎత్తకుండానే, వచ్చినప్పుడు వస్తుంది అన్నాడు. ఆ మాత్రం నేనూ చెప్పగలను, దానికి టోపీ ఎందుకు?

ఆకలి వేసి స్టేషను బయట హోటలుకు పోయినాము. లోపలి గది గుమ్మం మీద బ్రాహ్మణులకు అని రాసి ఉంది. అక్షరాలు రాని రోజుల్లో అయితే లోపలికి పోయి కూర్చుని తిట్లు తినేవాణ్ణి. చదవడం వచ్చు కాబట్టి ఈసారి బయటే కూర్చుని ఇడ్లీ తిన్నాను. ఇడ్లీ వచ్చేది మాత్రం రెండు గదులకూ ఒకే గిన్నెలోంచి. చదువు వల్ల నాకు కలిగిన లాభాల్లో దీన్ని ఏ లెక్కలో రాయాలో తెలియదు.

ప్లాట్‌ఫారానికి తిరిగి వస్తే అవతలి పట్టాల మీద కాళహస్తి పోయే చిన్న రైలు నిలబడి ఉంది. ఒక రోజు ఊరకే పోవడం నాకు ఇష్టం లేకపోయింది. కాళహస్తి ఈరోజు చూసేద్దాం, నగరికి రేపు పోదాం అన్నాను. అక్క మారుమాట ఆడితే ఒట్టు. మూట ఎత్తి నెత్తిన పెట్టుకుని, నాకంటే ముందు నడిచి ఎక్కేసింది. మా అక్క ఒక మాటకు ఒప్పుకోవాలంటే మూడు పూటలు పడుతుంది. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రైలు దొరికిన సంతోషంలో రాలేదు.

కాళహస్తి

కాళహస్తిలో మొదట చూడాల్సింది ఏరు. స్వర్ణముఖిలో నీళ్లు తక్కువ, ఇసుక ఎక్కువ. ఇసుకలో చేత్తో చెలమ తోడితే అద్దంలాంటి నీళ్లు ఊరుతాయి. పెద్ద పెద్ద ఇళ్ల ఆడవాళ్లు కూడా చిప్పతో తోడి బిందెలు నింపుకుంటున్నారు. మాకు బావిలో నీళ్లు తోడడమే తెలుసు. అక్క ఒక చెలమ దగ్గర కూర్చుని, నీళ్లు ఊరేదాకా చూసి, తాగి, తీపి అనింది.

ఏటి గట్టున అద్దకం పనివాళ్లు తడిపిన గుడ్డలు ఇసుక మీద పరిచి ఆరబెడుతున్నారు. ఒక గుడ్డ మీద చెట్టూ పక్షులూ ఉన్నాయి. రంగులు దేంతో చేస్తారని అడిగితే చెప్పినారు, తుప్పు పట్టిన ఇనుమూ బెల్లమూ నీళ్లలో నానబెట్టి నలుపు చేస్తారట. బెల్లంతో నలుపు అవుతుందని నేను ఇంటికి వచ్చి చెబితే ఎవరూ నమ్మలేదు.

గుడి లోపల గాలి ఆడదు, అయినా స్వామి దగ్గర దీపాల్లో ఒకటి ఊగుతూనే ఉంటుంది. ఇక్కడి స్వామి వాయువు కదా. పూజారులు చూపిస్తారు. చూసినాను, ఊగుతుంది. పక్కన నిలబడ్డ ఒకాయన అది ఎవరో విసిరిన గాలి అన్నాడు. ఆయనా దండం పెట్టే పోయినాడు. అక్క మటుకు ఆ దీపం ముందు చాలా సేపు నిలబడింది. జనం తోస్తుంటే కూడా కదల్లేదు.

తిరుగు రైల్లో

సాయంత్రం రైల్లో ఆడవాళ్ల పెట్టె నిండిపోయింది. అక్క నాతోనే కూర్చుంది. ఎదుటి బల్ల మీద నగరి నేతగాడు ఒకాయన, పేరు వేలాయుధం. కాళహస్తి అంగళ్లకు లుంగీలు వేసి, మిగిలిన మూటతో ఊరికి తిరిగి పోతున్నాడు. ఇంజను నుంచి నిప్పురవ్వ వచ్చి నా కండువాకు బొక్క పెట్టింది. కొత్త లుంగీ తీసుకో పెద్దాయనా, దానికి ఇంకా బొక్క పడలేదు అని బేరం మొదలుపెట్టినాడు. అట్లా మాటలు కలిసినాయి.

రేపు మేమూ నగరికే వస్తున్నామని ఆయనతో చెప్పినాను. అక్క కిటికీ వైపు తిరిగి ఉంది. అట్లాగే అనింది.

“రేపు నగరికి పోయేదానికి లేదు. కాళహస్తి సూసినోళ్లు నేరుగా సొంతింటికే పోవాల. నడాన ఇంగొకరి గడప తొక్కకూడదు.”

నాకు చెంప మీద కొట్టినట్టయింది. మా వైపు పుట్టిన ప్రతివాళ్లకూ తెలిసిన సంగతి ఇది. కాళహస్తిలో మనం వదిలించుకున్న దోషం, దారిలో ఎవరింట్లో అడుగుపెడితే వాళ్లకు అంటుకుంటుందని భయం. అందుకే ఏ యాత్ర అయినా కాళహస్తితో ముగిస్తారు. నేను రైలు టైములు చదివినాను గానీ ఇది తలచుకోలేదు. ఇట్లాంటివి మా ఇంట్లో ఆడవాళ్లు చూసుకునేవి. అది తట్టినాక, ఆడమనిషి పక్కనే ఉంది కదా అని కూడా తట్టింది.

“రేణిగుంటలో నీకు గుర్తు రాలేదా అక్కా?”

“గుర్తుండాది.”

“మరి?”

“గుర్తుండే ఎక్కినా.”

నాకు కోపం వచ్చింది. నలుగురిలో ఉన్నామని చూడకుండా అరిచినాను. ఇంతదూరం తీసుకొచ్చింది రాళ్లు చూపించడానికా, దీపం చూపించడానికా అన్నాను. ఇంటికే పోవాలంటే ఈ రాత్రి సత్రంలో ఎట్లా పడుకుంటావు, అది గడప కాదా అన్నాను. సత్రం ఎవరి ఇల్లూ కాదు, దానికి దోషం లేదు అనింది. అన్నీ ముందే ఆలోచించి పెట్టుకుంది. నేను అరవడం ఆపినాక మెల్లగా చెప్పింది.

“కుప్పి గుణం నీకు తెలుసు గదరా. తలుపు కాడ నిలబెట్టి ఎందుకొచ్చినావంటే నేనేం చెప్పేది? ఈ వయసులో చెల్లి గుమ్మం ముందర నిలబడి తిరుక్కోని రాలేను.”

వేలాయుధం అంతా వింటూనే ఉన్నాడు. రైల్లో చెవులు మూసుకుని ఎవరూ కూర్చోరు. కుప్పమ్మ అంటే ఏ కుప్పమ్మ అని అడిగినాడు. చెబితే నవ్వినాడు. “ఆమా? మా ఈదికి పాలు పోసేది ఆమే గదా. నీళ్లు కలపదు, మాట కలపదు.”

అక్క మొదటిసారి ఆయన వైపు తిరిగింది. ఎట్లా ఉందని అడిగింది. తల నెరిసిందని, మోకాలు నొప్పితో ఎక్కువ నడవలేదని, అయినా పాలు ఆమే తెచ్చి పోస్తుందని, కోడలిని నమ్మదని ఆయన చెప్పినాడు. మోకాలు ఏదని అడిగింది అక్క. ఆయనకు తెలియదు.

రేణిగుంట దగ్గరపడి వేలాయుధం మూట సర్దుకుంటుంటే అక్క ఆయన్ని పిలిచింది.

“నాయనా, దానికి ఒక మాట చెప్తావా? రేపు పొద్దున రైలుకు నేను నగరి స్టేషనుకు వస్తా. నీ ఇంట్లోకి రాకూడదు, కాళహస్తికి పోయినానని చెప్పు. స్టేషను ఎవురిదీ కాదు గదా. ఆడ కూసోనుంటా.”

“ఆమె రాకుంటే?”

“రాకుంటే తిరుగు రైలుకి పోతా. వచ్చినానని తెలిస్తే సాలు.”

ఆయన సరే అని దిగిపోయినాడు. లుంగీ మాత్రం నాకు అంటగట్టే దిగినాడు. మంచి నేత, ఇప్పటికీ కడుతున్నాను.

నగరి స్టేషను

మూడోరోజు రేణిగుంటకు పెద్ద రైలు టైముకే వచ్చింది. కావాలన్నప్పుడు రాదు గానీ, మనకు భయంగా ఉన్న రోజు నిమిషం తప్పదు.

నగరిలో దిగిన వాళ్లలో సగం మంది నెత్తిన నూలు మూటలే. సగం మాట తెలుగు, సగం అరవం. ఒకే మాటలో రెండూ కలిపి తిట్టుకుంటారు, వినడానికి బాగుంటుంది. రైలు పోయి, జనం పోయి, స్టేషనులో మేమిద్దరమూ, ఒక కూలివాడూ మిగిలినాము. కుప్పమ్మ లేదు.

అక్క బల్ల మీద కూర్చోకుండా నేల మీదే కూర్చుంది. దారి కనబడే వైపు తిరిగి కూర్చోమంటే వద్దనింది. కొంతసేపటికి వేలాయుధం వచ్చినాడు. తెల్లారకముందే పోయి చెప్పినాడట. ఆమె ఆవు దగ్గర ఉందట, విన్నదట, ఊ అని కూడా అనలేదట, పాలు పితకడం ఆపలేదట. ఆ మాట విన్నాక అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను తిరుగు రైలు టైము చూసే వంకతో బోర్డు దగ్గరికి పోయి నిలబడినాను.

కుప్పమ్మ వచ్చేసరికి ఎండ ఎక్కింది. వీధి మొత్తానికీ పాలు పోసి, ఖాళీ చెంబు చంకలో పెట్టుకుని, కుంటుతూ వచ్చింది. ఎడమ మోకాలు. అక్కను చూడనట్టే దాటిపోయి నా దగ్గరికి వచ్చింది. బాగున్నావా అన్నా అనింది. వదినను అడిగింది, ఎద్దులను అడిగింది, వానలు అడిగింది. అన్నీ చెప్పినాను. అడగడానికి ఇంకేమీ మిగల్లేదు. అప్పుడు నా మీద నుంచే అక్కతో మాట్లాడింది.

“కాళహస్తికి నిన్ననే పోయినావంట.”

“ఊ.”

“నా ఇంటికి రాకుండా ఉండేదానికే పోయినావు.”

“అవును,” అనింది అక్క.

మా అక్క అబద్ధం చెబుతుందనుకున్నాను. కుప్పమ్మ కూడా అదే అనుకున్నట్టుంది. ఆ అవును వినేసరికి ఆమె కూర్చుండిపోయింది, కొంచెం దూరంగా, అదే నేల మీద.

అక్క తల ఎత్తకుండా చెప్పింది. “ఆ పొద్దు ఒక్క మాట చెప్పింటే అందరూ ఆగుండేవాళ్లు. నేనే చెప్పలేదు కుప్పీ. వానకు తడి, రెండు దినాల జ్వరం, అమ్మ మొగం అప్పిటికే మారిపాయ. ఆ మొగం నువ్వు సూడకూడదనుకున్నా.”

“అది నువ్వు అనుకునేదా? నేను సూసుకోని ఏడ్చుకుందును. మారినా మా అమ్మ మొగమే గదా.”

“నీ మాటే నిజం.”

ఇద్దరూ ఏడవలేదు. మా ఇంట్లో నలుగురి ముందర ఏడవడం అలవాటు లేదు. కూలివాడు వచ్చి మా మధ్యలో చిమ్మడం మొదలుపెట్టినాడు, కాళ్లు ఎత్తండి అన్నాడు. ఇద్దరు అక్కచెల్లెళ్లూ ఒకేసారి కాళ్లు ముడుచుకున్నారు.

కుప్పమ్మ కొంగులో కట్టుకొచ్చిన ఆకు పొట్లం విప్పింది. పెరుగన్నం, గోంగూర తొక్కు. ఇంట్లో పెట్టే వీలు లేదని ఇక్కడికే తెచ్చింది. రాదేమోనని మేము భయపడుతున్నంతసేపూ ఆమె అన్నం వండుతూ ఉందన్నమాట. నగరిలో తొక్కులో ఎల్లిగడ్డ ఎక్కువ వేస్తారు. ఎక్కువైందని అక్క అనింది. వద్దంటే పక్కన పెట్టేయమనింది కుప్పమ్మ. అక్క మొత్తం తినింది.

రేణిగుంట పోయే రైలుకు గంట కొట్టినారు. నేను మూట ఎత్తినాను. కుప్పమ్మ లేవడానికి అక్క చెయ్యి అందించింది. ఆ చెయ్యి పట్టుకుని లేచి, వదలకుండా నాతో అనింది.

“అన్నా, నాకూ ఒక టిక్కెట్టు తీయి.”

“యాడికి?”

“మనింటికి. ఆమె నా గడప తొక్కకూడదు, సరే. నేను యా కాళహస్తికీ పోలేదు గదా.”

నేను నోరు తెరిచేలోపల ఆమె వేలాయుధం వైపు తిరిగింది. పాకాలకు పోయిందని తన మొగుడితో చెప్పమనింది. సాయంత్రం పాలు కోడలిని పితకమనింది, నల్లావు తంతుందని, ముందు దూడను వదలమని చెప్పింది. వేలాయుధం తల గోక్కున్నాడు. నిన్న ఆమె కబురు, ఈరోజు నీ కబురు, ఇంక నేను మగ్గం మీద కూర్చునేదెప్పుడు తల్లీ అన్నాడు. కూర్చుందువులే, ముందు పో అనింది కుప్పమ్మ. కట్టుకున్న చీరతో, ఖాళీ చెంబుతో రైలెక్కింది.

ఆడవాళ్ల పెట్టెలో చోటు దొరికింది. ఇద్దరినీ ఎక్కించి నేను వేరే పెట్టెలో కూర్చున్నాను. రేణిగుంటలో చిన్న రైలుకు మారినాక, ఆకలిగా ఉంటారేమో అని నాలుగు అరటిపండ్లు కొని వాళ్ల కిటికీ దగ్గరికి పోయినాను. అక్క ఈ వైపు కూర్చుని ఉంది. కుప్పమ్మ ఆమె భుజానికి ఆనుకుని, కళ్లు మూసుకుని ఉంది. నిద్రపోయిందనుకున్నాను. నిద్ర కాదు.

“ఇంగ చెప్పు,” అంటోంది కుప్పమ్మ. “అమ్మ మొగం ఎట్లుండింది? దాచకుండా చెప్పు.”

అక్క చెప్పడం మొదలుపెట్టింది. నుదుటి దగ్గర నుంచి.

నేను పండ్లు కిటికీలో పెట్టేసి, నా పెట్టెకు పోయి కూర్చున్నాను.